దీవికి వెళ్దాం, దిగవద్దు

పోయిన వారం మా పక్షుల గుంపు వాట్సాప్‌లోకి ఒక ఫోటో వచ్చింది. ఇసుక తిన్నె మీది నుంచి ఒక్కసారిగా లేచిన వందల పక్షులు, వెనక లేత నీలం నీళ్ళు, పైన పసుపు అక్షరాలతో "ఈసారి హోప్ ఐలాండ్. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి విశాఖ చేరిపోదాం. వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి" అని. సాయంత్రానికి పద్నాలుగు పేర్లు పడ్డాయి. నేను మాత్రం ఇవ్వలేదు. ఆ ఫోటో రెండేళ్ళ కిందట, కాకినాడ ఎదుటి ఆ దీవిలోనే, నేను తీసిందే. ఎవరి ఫోనులోంచి ఎవరి ఫోనులోకి తిరిగి తిరిగి వచ్చిందో, దారిలో నా పేరు రాలిపోయింది, పక్షులు మిగిలాయి.

దాని కింద ఎవరో "ఇలాంటిది మనకూ ఒక్కటి దొరికితే చాలు" అని రాశారు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అలాంటిది దొరకాలంటే ఏం చేయాలో నాకు తెలుసు. పడవ దిగాలి. ఇసుక మీద నడవాలి. పక్షులు ఇక కూర్చోలేక లేచేదాకా నడవాలి.

అందుకే గుంపులో ఒక మాట రాశాను: వెళ్దాం, తప్పకుండా వెళ్దాం, కానీ పక్షులున్న ఇసుక మీద కాలు పెట్టకుండా తిరిగివచ్చేలా ప్రయాణం వేసుకుందాం. దాని మీద జరిగిన వాదన వాట్సాప్‌లో ఇమిడేది కాదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఫోటో పుట్టిన రోజు

అప్పుడు ఆరుగురం వెళ్ళాం. జనవరి. తెల్లవారుజామున మూడింటికి మద్దిలపాలెంలో బండెక్కి, అన్నవరంలో టీ తాగి, కత్తిపూడి దగ్గర చెన్నై హైవే వదిలి పిఠాపురం మీదుగా కాకినాడ చేరాం. నూట యాభై కిలోమీటర్ల పైమాటే. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకున్నాం. రేవులో ఒక ఫైబరు పడవ, అరవై ఏళ్ళ సరంగు, ఆయన మేనల్లుడు మా కోసం ఎదురుచూస్తున్నారు.

దీవి అనగానే కొండా కొబ్బరిచెట్లూ ఊహించుకునేవాళ్ళకు హోప్ ఐలాండ్ కొంచెం నిరాశ కలిగిస్తుంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ఉత్తరానికి తోస్తూ తోస్తూ రెండు వందల ఏళ్ళలో కట్టిన కట్ట అది. పదహారు కిలోమీటర్ల పొడవు, వెడల్పు మాత్రం సన్నం. దానికీ కాకినాడకూ మధ్య అఖాతం, దక్షిణాన కోరింగ మడ అడవులు. తుపాను వచ్చినప్పుడు కాకినాడకు ఆ ఇసుకే గోడ. దాని మీద పుత్రయ్య పాకలు అని చిన్న జాలరి పల్లె కూడా ఉంది. కనుక మనుషులు ఎరగని దీవి కాదు. ఈ సంగతి తరవాత మళ్ళీ అవసరపడుతుంది.

మేము ఇసుక మొన దగ్గరికి చేరేసరికి సముద్రం నిండు పోటు మీద ఉంది. పడవ సునాయాసంగా ఒడ్డుకు ఆనింది. మోకాటి లోతు నీళ్ళలోకి దిగాం. ఎదురుగా, రెండు పెళ్ళి పందిళ్ళంత చోటులో, పక్షులు కిక్కిరిసి ఉన్నాయి. గల్స్, టెర్న్స్, వాటి కాళ్ళ మధ్య గోధుమరంగు ఉల్లంకి పిట్టలు, ఒక మూల నలభై దాకా ఇండియన్ స్కిమ్మర్లు. స్కిమ్మర్‌ని చూడనివాళ్ళ కోసం: నల్లటి నెత్తి, తెల్లటి మెడ, నారింజ ముక్కు. ఆ ముక్కులో కింది సగం పై సగం కన్నా పొడవు. నీటి మీద వాలినట్టు ఎగురుతూ కింది ముక్కును నీళ్ళలో ఆనించి పోతుంటే బట్టల కొట్టులో కత్తెర పెట్టి తాను చీల్చుతున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో దాని పేరు 'కత్తెరముక్కు'. చంబల్, మహానది వంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టి, చలికాలం మన తీరానికి వస్తుంది. లోకం మొత్తం మీద ఎదిగిన పక్షులు మూడు వేల లోపే ఉంటాయని అంచనా. 2020 నుంచి అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కింది.

అవన్నీ నాకు అప్పుడూ తెలుసు. తెలిసే నడిచాను. ఎనభై అడుగులు వేశామేమో, మొదట ఉల్లంకులు మెడలు చాచాయి, తరవాత టెర్న్స్ గోల పెట్టాయి, ఆపైన అంతా ఒక్క దుప్పటిలా లేచింది. నేను మీట నొక్కాను. ఆ గుంపు సముద్రం మీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. మేము అక్కడే ఉన్నాం. మళ్ళీ లేచింది. మూడోసారి కూడా అలాగే జరిగింది. మూడోసారి వెలుతురు ఇంకా బాగుందని మా అందరికీ సంతోషం కలిగింది.

తిరిగి వస్తుంటే సరంగు పెద్దాయన, నిందగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నాడు: "పోటు మీద వాటికి ఇంకో చోటు ఉండదమ్మా."

అద్దం కింద పట్టిక

ఆ మాట ఇంకెవరైనా విని మరచిపోవచ్చు. నేను మరచిపోతే సిగ్గుచేటు. ముప్పై ఏళ్ళు నేను ఓడరేవు పనిలో గుమాస్తాగా ఉన్నాను. నా బల్ల మీది అద్దం కింద ఎప్పుడూ ఆటుపోట్ల పట్టిక ఉండేది. ఏ ఓడకు ఎంత లోతు నీళ్ళు కావాలో, అది ఎన్నింటికి లోపలికి రావచ్చో ఆ పట్టిక చూసి చెప్పేదాన్ని. నీళ్ళు తగ్గితే ఓడ ఎక్కడ ఆగిపోతుందో తెలిసిన నాకు, నీళ్ళు పెరిగితే పిట్ట ఎక్కడికి పోతుందో తట్టలేదు.

విషయం చాలా చిన్నది. తీరపు పక్షులు తినేది బురదలో. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, అఖాతపు అడుగు మైళ్ళ కొద్దీ బయటపడుతుంది, పక్షులు అంత మేరా పరచుకుని పురుగులనూ నత్తలనూ ఏరుకుంటాయి. పోటు రాగానే వాటి పళ్ళెం మునిగిపోతుంది. అప్పుడు మునగని ఇసుక మీదికి చేరి, ఒంటికాలి మీద నిలబడి, తిన్నది ఒంటికి పట్టేలా విశ్రాంతి తీసుకుంటాయి. పగలూ రాత్రీ తేడా లేదు. వాటి గడియారం సూర్యుడిది కాదు, చంద్రుడిది.

ఇప్పుడు మన వైపు నుంచి చూడండి. పోటు వేళ పడవ సులువుగా పోతుంది. పక్షులు ఒకే చోట ఉంటాయి. దగ్గరగా ఉంటాయి. ఫోటో బాగుంటుంది. మనకు అన్నీ కలిసివచ్చే గంటే వాటికి ఎటూ పోలేని గంట. ఒక రోజులో వెళ్ళిరావాలనుకునే ప్రతి బృందమూ, ఎవరూ చెప్పకుండానే, సరిగ్గా ఆ గంటకే అక్కడికి చేరుతుంది. ఎవరి దుర్మార్గమూ లేదు. ప్రయాణం సౌకర్యమే అటు తోస్తుంది. అందుకే ఈ తప్పును పక్షుల ముందు నిలబడి "జాగ్రత్తగా ఉందాం" అనుకుని దిద్దుకోలేమని నా వాదన. అక్కడికి చేరాక ఎవరూ ఆగరు. నేను ఆగానా? ఇంట్లో కూర్చుని తేదీ వేసుకునేటప్పుడే దిద్దుకోవాలి.

అయితే నేనేమంటున్నానంటే: నిండు పోటుకు కాస్త వెనకగా పడవలో అక్కడికి చేరదాం. ఇసుకకు బాగా దూరంగా, కాలువలో లంగరు వేసుకుందాం. పోటు తీయడం మొదలవుతుంది. ఇసుక మీది పక్షులు వాటంతట అవి, ఎవరూ తరమకుండా, గుంపులు గుంపులుగా లేచి కొత్తగా తేలుతున్న బురద మీదికి వస్తాయి. మనం ఎటూ కదలనక్కరలేదు, ఆకలే వాటిని మన వైపు తెస్తుంది. కొండకర్ల ఆవలో తాటి దోనె మీద కదలకుండా కూర్చున్న ఉదయాలు గుర్తున్నవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. అక్కడ తెడ్డు ఆపినప్పుడే కదా మనకు అన్నీ కనిపించింది.

ఆదివారమా, విదియా

తేదీ దగ్గర మొదటి పేచీ వచ్చింది. పద్నాలుగు మందిలో పదకొండు మందికి ఆదివారమైతే సులువు. సముద్రానికి ఆదివారం లేదు. పోటు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. మన తీరంలో అమావాస్యా పున్నములకు పోటుకూ పాటుకూ తేడా మీటరు దాటుతుంది, అష్టమి వేళకు అందులో సగం కూడా ఉండదు. కాబట్టి పక్షుల ప్రయాణానికి ముహూర్తం పెట్టాలంటే పంచాంగం తెరవడమే తేలిక. మా అత్తగారు బతికి ఉంటే, తిథి చూడకుండా గడప దాటదని తనను ఎంత ఏడిపించేదాన్నో గుర్తు చేసి మరీ నవ్వేది.

మాఘ పున్నమి ఆదివారం పడింది. అందరూ అదే అన్నారు. ఆ రోజు తీరమంతా సముద్ర స్నానాల జనం ఉంటారు, పైగా పోటు మరీ పొద్దున్నే. దాన్ని అందుకోవాలంటే అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలి. విదియ, అంటే మంగళవారం, పోటు పది దాటాక. మూడింటికి బయలుదేరి, నింపాదిగా టిఫిను తిని, పదికి పడవెక్కితే పదిన్నర పదకొండుకు నీళ్ళు నిలిచి ఉంటాయి, అక్కడి నుంచి తీయడమే. ఒంటిగంటకు బురద బాగా తేలుతుంది. రెండు లోపు వెనక్కి తిరగాలి. లేదంటే పడవ బురదలో కూరుకుంటుంది, పైగా మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేచి పడవ ఎగిరెగిరి పడుతుంది.

మా లెక్కల టీచరు మంచి ప్రశ్న వేశారు. పక్షుల మేలే కోరేటట్లయితే పోటు తక్కువగా ఉండే అష్టమికి వెళ్ళవచ్చు కదా, ఇసుక ఎక్కువ మిగులుతుంది కదా అని. నిజమే. ఇసుక మీద దిగేటట్లయితే అష్టమే మేలు. దిగనప్పుడు మాత్రం పెద్ద పోటు తరవాతి పెద్ద పాటే మనకు కావాలి. అప్పుడే బురద ఎక్కువగా తేలుతుంది, పక్షులు ఎక్కువగా కదులుతాయి. ఆయన ఒప్పుకున్నారు గానీ మంగళవారం సెలవు దొరకదని పేరు తీసేసుకున్నారు. అలా ఒక్కొక్కరే తప్పుకుని పద్నాలుగు ఎనిమిది అయింది.

సైబీరియా పేరుతో ఒక చిన్న తగవు

రెండో అభ్యంతరం బ్యాంకు మేనేజరుగారిది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పక్షులు ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి, కింద పిల్లలు ఆడుకుంటుంటారు, బస్సులు పోతుంటాయి, ఒక్కటీ లేవదు. "సైబీరియా నుంచి వచ్చిన పక్షులే మనుషులకు భయపడకపోతే మీ దీవి పక్షులకేమండీ?"

ఇక్కడ కాస్త పక్కదారి పట్టనివ్వండి, ఎన్నేళ్ళుగానో కడుపులో ఉన్న మాట. తేలినీలాపురం పక్షులను మన పేపర్లు ఏటా 'సైబీరియా అతిథులు' అంటాయి. అక్కడ గూళ్ళు కట్టేవి గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ. ఆ గూడబాతు దక్షిణ, ఆగ్నేయాసియాలు దాటి బయట పిల్లలను కనే పక్షే కాదు. అది శ్రీకాకుళం అల్లుడు కాదు, శ్రీకాకుళం బిడ్డే. నిజంగా సైబీరియా నుంచి వచ్చే కర్లూ శాండ్‌పైపర్ మాత్రం పిడికెడంత ఉండి, బురద రంగులో ఉండి, ఎవరి కంటా పడదు. దాని గూడు సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన టండ్రా మీద. అక్కడి నుంచి కాకినాడ బురద దాకా సొంత రెక్కల మీద వస్తుంది. 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాని ప్రమాదపు స్థాయిని ఒక మెట్టు పెంచింది. పెద్ద పక్షికి దాని ఊరు మార్చి గౌరవం చేశాం, చిన్న పక్షికి దాని ఊరు కూడా దక్కనివ్వలేదు.

మేనేజరుగారికి జవాబు కూడా ఇందులోనే ఉంది. తేలినీలాపురం పక్షులు తరాలుగా ఆ ఊరివాళ్ళను ఎరిగినవి. గూడు చెట్టు కొసన, మనిషి కింద. ఇసుక మీది ఉల్లంకికి కిందా పైనా లేవు. దానికీ మనకూ మధ్య ఉన్నది దూరం ఒక్కటే. పైగా అది ఫిబ్రవరి, మార్చి నాటికి తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటూ ఉంటుంది. పోటు వేళ లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టినది కొంత ఖర్చవుతుంది.

పెద్ద దొంగలూ చిన్న దొంగలూ

ఆయన అంతటితో వదలలేదు. రెండో ప్రశ్న మొదటిదాని కన్నా గట్టిది. రేవులు, తవ్వకాలు, పైపులైనులు, ట్రాలర్లు, వారాంతపు విహారయాత్రల పాటలు, ఊరకుక్కలు. ఇంత నడుమ బైనాక్యులర్లు పట్టుకున్న ఎనిమిది మంది అరగంట నడిస్తే కొంప మునుగుతుందా? మనం దిగకపోతే ఆ పక్షులకు ఒరిగేదేమిటి?

దీనికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. ఒరిగేది తక్కువే. అక్కడి బురద పూడిపోతే, మడ అడవి తరిగితే, నా నియమం ఏ పిట్టనూ కాపాడదు. ఇది తెలిసే కొన్ని రాత్రులు నా వాదన నాకే చేతి రుమాలు ఉతికి ఇల్లు శుభ్రం చేశాననుకునే వ్యవహారంలా అనిపించింది. అయినా ఒక తేడా ఉంది. ట్రాలరు చేపల కోసం వచ్చింది, రేవు సరుకు కోసం వచ్చింది. మనం వచ్చిందే పక్షి కోసం. కచేరీకి పాట వినడానికి వెళ్ళి పాడేవాడి గొంతు నొక్కితే, బయట హారన్లు మోగుతున్నాయని సర్దిచెప్పుకోలేం.

పల్లె సంగతి వేరు. పుత్రయ్య పాకలవాళ్ళు అక్కడ బతుకుతున్నారు, వాళ్ళకు నేను చెప్పేది ఏమీ లేదు, చెప్పే హక్కూ లేదు. ఆ రోజు ఇంకో విషయం కూడా చూశాను. మేము దిగక ముందు ఇద్దరు మనుషులు ఆ పక్షులకు మాకన్నా దగ్గరగానే వల లాగుతున్నారు. ఒక్కటీ లేవలేదు. సరంగును అడిగితే, "వాళ్ళు వాటి వంక చూడరమ్మా. మీరు కళ్ళు వాటి మీదే పెట్టి తిన్నగా నడుస్తారు. నక్క అలాగే నడుస్తుంది" అన్నాడు. ఇన్నేళ్ళ నా పక్షివీక్షణకు ఇంతకన్నా నిజమైన సమీక్ష ఎవరూ రాయలేదు.

గుడ్లగూబ కోసం ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకనిది ఆ ఊరి మనిషి నోట దొరుకుతుందని మనకు కొత్తగా చెప్పాలా? లోకమంతా అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి దొరికింది స్థానికుల సాయంతోనే. అయినా మన ప్రయాణాల ఖర్చుల కాగితంలో ఈ సరంగు పేరు ఎదురుగా 'పడవ అద్దె' అని ఉంటుంది, 'గైడు' అని ఉండదు.

నిజంగా కష్టమైన రెండు అభ్యంతరాలు

పై వాదనలన్నీ మగవాళ్ళవి. ఆడవాళ్ళు వాట్సాప్‌లో రాయలేదు, విడివిడిగా నాకు ఫోను చేశారు. నాలుగు గంటలు పడవలో కూర్చుంటే ఒంటికి, రెంటికి ఎలా? ఇది పక్కన పెట్టే ప్రశ్న కాదు. నేనే ఆ రోజు ఉదయం నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా వెళ్ళి, సాయంత్రానికి తలనొప్పితో పడిపోయాను. దీవి మీద దిగాలని నేను తొందరపడటానికి స్కిమ్మర్లు ఒక్కటే కారణం కాదని ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను. దిగవద్దని కట్టడి చేసే నియమం ఆడవాళ్ళ ఒంటి మీద బరువు వేసి మగవాళ్ళను ఊరికే వదిలేస్తే అది నియమమే కాదు.

అందుకని నా మాట కొంత మార్చుకున్నాను. పక్షులు చేరే ఇసుక మొన దగ్గర ఎవరమూ దిగం. దానికి దూరంగా, పల్లె ఉన్న వైపు, సరంగు ఎక్కడ సరే అంటే అక్కడ, పది నిమిషాలు దిగుతాం. కాలు పెట్టనే వద్దు అన్న శుద్ధమైన వాక్యం పోయింది. పోతే పోయింది. అంతసేపు కూర్చోలేనివాళ్ళు కోరింగలో చెక్కల నడకదారి మీద మడ అడవి చూడవచ్చు, వాళ్ళకు అక్కడ అన్ని సౌకర్యాలూ ఉంటాయి.

రెండోది ఒక తల్లిది. ఆమె కూతురికి తొమ్మిదేళ్ళు. "ఆ పిల్ల ఇసుకలో పరిగెత్తకుండా, దూరం నుంచి చుక్కల్లా కనిపించే పిట్టలను చూస్తే ఇక జన్మలో పక్షుల జోలికి వస్తుందా? మీకు ఇష్టం కలిగింది వాటిని దగ్గరగా చూశాకనే కదా?" అన్నది. అవును. నాకు ఇష్టం కలిగింది దగ్గరగా చూశాకనే. నేను చూసేసి, ఇప్పుడు వచ్చేవాళ్ళను దూరంగా ఉండమంటున్నాను. చందనోత్సవం నాడు సింహాచలంలో నిజరూప దర్శనం చేసుకుని మెట్లు దిగుతూ, ఎక్కుతున్నవాళ్ళతో "చాలా రద్దీగా ఉంది, టీవీలో చూసుకోండి" అన్నట్టే ఉంది ఇది.

ఈ పోలికకు నేను ఇంకా సమాధానం చెప్పుకోలేకపోతున్నాను. ఆ తల్లికి చెప్పింది మాత్రం ఇది: ఇసుకలో పరిగెత్తడానికి రామకృష్ణా బీచ్ ఉంది, భీమిలి ఉంది. కానీ ఇసుక మీది పక్షులు ఎవరూ తరమకుండా బురద మీదికి వచ్చి, పడవ ముందు తల ఎత్తకుండా తింటుంటే చూడటం ఆ పిల్లకు ఎక్కడా దొరకదు. నాకే ఇంకా దొరకలేదు. నేను చూసినవి నా వల్ల భయపడిన పక్షులను. తన పాటికి తాను ఉన్న స్కిమ్మర్ ఎలా ఉంటుందో ఆ పిల్లతో పాటు నేనూ మొదటిసారి చూస్తాను.

పోగొట్టుకునేవి

నష్టాలు దాచడం అన్యాయం. టెలిస్కోపు ఊగే పడవలో పనికిరాదు. ఉల్లంకుల్లో సగం ఏదో గుర్తుపట్టలేం, 'చిన్నవి, గోధుమరంగు, చాలా' అని రాసుకోవలసి వస్తుంది. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో మా జాబితా నలభై నుంచి ఇరవైకి పడిపోవచ్చు. మా కెమెరా అబ్బాయి తన లెన్సు అంత దూరం అందదని ముందే చెప్పి విరమించుకున్నాడు. డ్రోను తెస్తానన్నాడు, వద్దన్నాను. దాన్ని చూస్తే గద్ద వచ్చిందని బురద మీది పక్షులు కూడా లేచిపోతాయి. జనవరిలో నీటిపక్షులను లెక్కించేవాళ్ళు దగ్గరికి పోవలసి వస్తే పోతారు, వాళ్ళ పని వేరు. మా జాబితా మా సరదాకు.

మిగతా ఏర్పాట్లు మామూలే. అందరికీ లైఫ్ జాకెట్ ఉంటేనే పడవ కదలాలి. 2019లో కచ్చులూరు పడవ ప్రమాదం తరవాత దీని మీద గోదావరి జిల్లాల్లో ఎవరూ వాదించరు, విశాఖవాళ్ళే 'ఉక్క' అంటారు. ముందు రోజు సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూసుకోవాలి. సముద్రం లేని హైదరాబాదు మనకు సముద్రం సంగతి చెప్పడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది గానీ, వాళ్ళ మాట తప్పడం అరుదు. టోపీ, నీళ్ళు, పులిహోర. తిరుగు దారిలో కాజాలు ఎవరు కొనాలన్నది తేలని తగవు.

నిన్న సాయంత్రం సరంగుకు ఫోను చేశాను. గుర్తుపట్టాడు. విదియ నాడు వస్తామని, మొన దగ్గర దిగమని, కాలువలో లంగరు వేసి కూర్చుంటామని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"దిగకపోతే అద్దె తగ్గించమంటారా అమ్మా?"

తగ్గించవద్దని, ఇంకా కొంచెం కలుపుతామని, నీళ్ళు ఎప్పుడు తీస్తాయో, పడవ ఎక్కడ ఆపాలో ఆయనే చెప్పాలని అన్నాను. ఎంతమంది అని అడిగాడు. ఈ రోజుకు ఆరుగురం, ఒక పిల్ల అన్నాను.

"పదికి రండి, అంతకు ముందు వద్దు. పిల్ల సైజు జాకెట్టు నా దగ్గర లేదు, మీరే తేవాలి. చెక్క మీద నాలుగు గంటలు కూర్చోలేరు, తలా ఒక దిండు తెచ్చుకోండి."

మా ఇంట్లో పాత సోఫా దిండ్లు రెండే ఉన్నాయి. మిగతావి ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలని గుంపులో రాశాను, ఆ ఫోటో తీసేసి.